పీహెచ్‌డీకి బ్యాక్టీరియా తెగుళ్ళు తీసుకోవచ్చా? అదే పనిలో ఇరవై ఏడేళ్ళు గడిపినవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీరు ప్లాంట్ పాథాలజీలో, అంటే మొక్కల తెగుళ్ళ శాస్త్రంలో, ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నారు. పీహెచ్‌డీకి బ్యాక్టీరియా తెగుళ్ళ మీద పనిచేయమని గైడ్ అంటున్నారు. సీనియర్లేమో "శిలీంధ్రాలు తీసుకో, పంట మందుల కంపెనీల్లో ఉద్యోగాలుంటాయి. లేదా వైరస్‌లు తీసుకో, పేపర్లు వస్తాయి. బ్యాక్టీరియా అంటే రెంటికీ చెడ్డ రేవడివవుతావు" అని భయపెడుతున్నారు. జీవితాంతం చేయదగ్గ పనేనా అని మీ సందేహం.

తీసుకోండి. కాకపోతే ఒక్క సంగతి ఒప్పుకుని తీసుకోండి. పొలం గట్టు మీద రైతు "మందు చెప్పండి సార్" అని అడిగినప్పుడు చెప్పడానికి మీ దగ్గర మందు ఉండదు. ఆ ఇబ్బంది ఉద్యోగమంతా ఉంటుంది. అది భరించలేననిపిస్తే ఇప్పుడే వేరే టాపిక్ చూసుకోవడం మేలు.

ఎందుకు మందు ఉండదో ముందు చెబుతాను, ఎందుకంటే ఈ రంగంలో పరిశోధన అంతా అక్కడి నుంచే పుట్టింది. వరిలో అగ్గి తెగులు వస్తే ట్రైసైక్లజోల్ ఉంది. పాముపొడ తెగులు వస్తే వాలిడామైసిన్, హెక్సాకొనజోల్ ఉన్నాయి. సరైన సమయంలో కొడితే తేడా కంటికి కనిపిస్తుంది. ఎండాకు తెగులు సంగతి వేరు. జాంథోమోనాస్ ఒరైజే అనే ఆ బ్యాక్టీరియా ఆకు అంచుల్లో నీరు చెమర్చే సన్నటి రంధ్రాల గుండా, లేదా గాలివానకి ఆకులు ఒరుసుకుని అయిన గాయాల గుండా లోపలికి పోయి నీటి గొట్టాల్లో కూర్చుంటుంది. మీరు పైన ఏం చల్లినా అక్కడికి చేరేది నామమాత్రం. ఆ తరవాత ఒక వాన పడితే అదీ ఉండదు.

"మరి స్ట్రెప్టోసైక్లిన్?" అని అడుగుతారు. నిజమే, ఒకప్పుడు మా సిఫార్సుల పుస్తకాల్లోనే ఉండేది. దానిలో తొంభై శాతం స్ట్రెప్టోమైసిన్, పది శాతం టెట్రాసైక్లిన్. రెండూ మనుషుల మందులే. బ్యాక్టీరియా వాటికి అలవాటు పడుతుంది, ఆ అలవాటు పొలంలోనే ఆగుతుందన్న హామీ లేదు. వ్యవసాయంలో ఈ రెంటినీ దశలవారీగా ఆపేయాలని కేంద్రం 2021 చివర్లో ముసాయిదా ఉత్తర్వు కూడా ఇచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దీన్ని చాలామందికి రాసిచ్చాను. రాసివ్వకపోతే ఈయనకేం తెలీదు అనుకుంటారేమోనని టెన్షన్. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఒక సంగతి చెబుతాను. కార్తీకంలో తుపాను వెళ్ళిన నాలుగో రోజు, నాలుగెకరాల సాంబ మసూరి రైతు ఒకాయన ఆకులు పాలిథిన్ సంచిలో పెట్టుకుని వచ్చాడు. కొన నుంచి అంచుల వెంబడి అలలు అలలుగా పసుపు దిగి, వెనక నుంచి గడ్డి రంగుకి తిరుగుతోంది. పొద్దున్నే తెంపాడేమో, ఆకు మీద ఎండిన చిన్న చిన్న పసుపు పూసలు ఇంకా ఉన్నాయి. గోటితో గీస్తే పొడిలా రాలాయి. అవి బ్యాక్టీరియా ముద్దలే. "పైపాటుగా వేయాలనుకున్న యూరియా ఆపండి, నీళ్ళు తీసేసి ఆరగట్టండి, మీ మడి నీళ్ళు పక్క మడిలోకి పోనివ్వకండి, ఏమీ కొట్టకండి" అన్నాను. ఆయన తలూపి నేరుగా కొట్టుకి వెళ్ళి మూడు రకాలు కలిపి రెండుసార్లు కొట్టాడు. కోతలప్పుడు వెళ్ళి చూస్తే ఆయన దిగుబడికీ, ఏమీ కొట్టని పక్క చేనికీ పెద్ద తేడా లేదు. "మీరు అప్పుడే కాస్త గట్టిగా చెప్పాల్సింది సార్" అన్నాడు. ఆ మాట నాకు బాగా తగిలింది. వద్దు అని గట్టిగా చెప్పడం కూడా మా ఉద్యోగంలో భాగమేనని, దానికి మందు రాసివ్వడం కంటే ఎక్కువ ధైర్యం కావాలని అప్పుడు తెలిసింది.

మందు లేనప్పుడు మిగిలింది విత్తనం. మా రంగంలో పెద్ద విజయాలన్నీ దాదాపుగా రకాల రూపంలోనే వచ్చాయి. దీనికి మన ఊళ్ళో పుట్టిన ఉదాహరణే ఉంది కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

మన దేశంలో ఎండాకు తెగులు మొదటిసారి పెద్ద ఎత్తున విరుచుకుపడింది 1963లో, బీహార్‌లో. తరవాత పొట్టి రకాలు, వాటితోపాటు దండిగా నత్రజని వచ్చాయి. తెగులుకి పండగే. వాటిలో తైచుంగ్ నేటివ్-1 అనే రకమైతే ఎంతగా లొంగిపోతుందంటే, ఇప్పటికీ ప్రయోగాల్లో "తెగులు వచ్చిందా లేదా" చూసుకోవడానికి దాన్నే పక్క వరసలో నాటతాం. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అదే మన బీపీటీ 5204, తిండికి ఎంత బాగుంటుందో ఈ తెగులుకి అంత మెత్తన.

ఆఫ్రికాలో మాలి దేశం నుంచి తెచ్చిన ఒక అడవి వరిలో ఈ బ్యాక్టీరియాని తట్టుకునే జన్యువు దొరికింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గురుదేవ్ ఖుష్ బృందం దాన్ని సాగు వరిలోకి తెచ్చింది. దాని పేరు ఎక్స్‌ఏ-21. 1995లో కాలిఫోర్నియాలో పమేలా రోనాల్డ్ ల్యాబ్ ఆ జన్యువుని విడదీసి చూపించింది. ఇక్కడ హైదరాబాద్‌లో ఒక కొసన హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, ఇంకో కొసన రాజేంద్రనగర్‌లో అప్పటి వరి పరిశోధన సంచాలకాలయం, ఇప్పటి భారత వరి పరిశోధన సంస్థ. సీసీఎంబీలో రమేశ్ సోంటి బృందం, రాజేంద్రనగర్‌లో వరి శాస్త్రవేత్తలు కలిసి ఎక్స్‌ఏ-21తోపాటు ఎక్స్‌ఏ-5, ఎక్స్‌ఏ-13 అనే మరో రెండు జన్యువుల్ని సాంబ మసూరిలోకి ఎక్కించారు. జన్యుమార్పిడి పంట కాదు, మామూలు సంకరమే. కాకపోతే ప్రతి తరంలోనూ ఏ మొక్కలో మూడు జన్యువులూ ఉన్నాయో డీఎన్‌ఏ గుర్తులతో చూసి, దాన్నే మళ్ళీ సాంబ మసూరితో కలుపుతూ పోయారు. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పేరుతో విడుదలైంది.

మూడు జన్యువులెందుకు, ఒకటి చాలదా అనిపించవచ్చు. చాలదు. ఎక్స్‌ఏ-4 ఉన్న రకాల్ని ఆసియా అంతా విరివిగా వేశారు, కొన్నేళ్ళకి బ్యాక్టీరియా దాన్ని దాటేసే దారి కనిపెట్టింది. ఒక తాళం తీయడం దానికి పెద్ద పని కాదు, మూడు తాళాలు ఒకేసారి తీయడం చాలా కష్టం.

ఇంకో సంగతి పుస్తకాల్లో అంతగా రాయరు. మళ్ళీ మళ్ళీ సాంబ మసూరితోనే ఎందుకు కలిపారంటే, గింజ అచ్చం అలాగే ఉండాలి. తెగులు రాదు గానీ గింజ కాస్త లావు అన్నారనుకోండి, మిల్లరు ధర తగ్గిస్తాడు, రైతు మరుసటి ఏడాది ఆ విత్తనం ముట్టుకోడు. తెగులు తట్టుకునే రకాలు పరిశోధన స్టేషన్‌లోనే మిగిలిపోయి, పుట్టి పుట్టకముందే పోయినవి నేను చాలా చూశాను. అందుకే చెబుతున్నా, పీహెచ్‌డీలో చేరిన రోజు నుంచే కొత్త రకాలు తయారుచేసే ఒక బ్రీడర్‌తో స్నేహం చేసుకోండి. ఒంటరి బ్యాక్టీరియా శాస్త్రవేత్త పేపర్ల దాకా వెళ్తాడు, రైతు దాకా వెళ్ళడు.

ఇక మీ నాలుగేళ్ళు ఎలా గడుస్తాయో చెబుతాను.

ఎండాకు తెగులు మీద పొలం ప్రయోగమంటే ఖరీఫే. అంటే పీహెచ్‌డీలో మీకు దొరికేవి రెండు, మహా అయితే మూడు ఖరీఫ్‌లు. బ్యాక్టీరియా కలిపిన నీళ్ళలో కత్తెర ముంచి ఆకు కొనలు కత్తిరించి, పద్నాలుగు పదిహేను రోజులాగి మచ్చ ఎంత పొడవు దిగిందో స్కేలుతో కొలవాలి. వందల మొక్కలు, మొక్కకి ఐదారు ఆకులు. మడిలో వంగి వంగి నడుం పడిపోతుంది. ఇందులో ఒక చిత్రం ఉంది. రైతు తెగులు రాకూడదని దండం పెట్టుకుంటుంటే, పక్క మడిలో మీరు బాగా రావాలని దండం పెట్టుకుంటుంటారు. రాకపోతే ఆ ఏడాది డేటా లేనట్టే.

ల్యాబ్‌లో మోసపోవడానికి సిద్ధంగా ఉండండి. నా మొదటి ఏడాది సంగతి ఇది. డెల్టాలో ఒక ఊరి నుంచి ఆకులు తెచ్చి, ముక్కలు చేసి, బ్లీచు నీళ్ళలో కడిగి, నలిపి ప్లేటు మీద గీశాను. మర్నాడు పొద్దున చూస్తే నిండా పసుపు కాలనీలు. ఎగిరి గంతేశాను. నాలుగు నెలలు వాటి మీద జీవరసాయన పరీక్షలన్నీ చేశాను, పట్టికలు గీశాను, గైడ్‌కి చూపించి మెప్పు కూడా పొందాను. ఆఖరికి తైచుంగ్ నేటివ్-1 మీద కత్తెరతో ఎక్కిస్తే పదిహేను రోజులైనా కత్తిరించిన కొన ఒక్క సెంటీమీటరు ఎండింది, అంతే. మచ్చ లేదు. మా ల్యాబ్ అటెండరు, నేను పుట్టకముందు నుంచి ఆ ల్యాబ్‌లో ఉన్న మనిషి, ప్లేట్లు కడుగుతూ నెమ్మదిగా అన్నాడు: "మనది ఇంత తొందరగా పెరగదండీ. మూడో రోజుకి కదా కళ్ళకి ఆనేది." ఆకు మీద ఊరికే బతికే ఇంకేదో పసుపు బ్యాక్టీరియాని నాలుగు నెలలు సాకానన్నమాట! అసలుది నిదానంగా పెరుగుతుంది, లేత పసుపు, గుండ్రంగా ఉబ్బి, పుల్లతో ఎత్తితే తేనెలా సాగుతుంది. మొక్క మీదికి ఎక్కించి, తెగులు తెప్పించి, మళ్ళీ దాన్నే బయటికి తీసేదాకా ఏ కాలనీకీ పేరు పెట్టవద్దు. ఇవే కాఖ్ సూత్రాలు. పరీక్షకి బట్టీ పడతాం, నేర్చుకునేది మాత్రం ఇలా దెబ్బ తిన్నాకే.

ఇంకో దెబ్బ కూడా చెప్పేస్తాను. మీరూ తినకుండా ఉంటారు. ఒక స్టేషన్‌లో ఉన్నప్పుడు మే నెలలో రెండు రోజులు కరెంటు పోయింది, జనరేటర్ మొరాయించింది. మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో మూడేళ్ళుగా జిల్లా జిల్లా తిరిగి పోగేసిన వరి బ్యాక్టీరియాలన్నీ పోయాయి. అదే గదిలో బీరువా మీద, మూత పెట్టిన గాజు గొట్టాల్లో, ఉత్త శుద్ధి చేసిన నీళ్ళలో దాచిన టమాటా ఎండు తెగులు బ్యాక్టీరియాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. రాల్‌స్టోనియా అనే ఆ బ్యాక్టీరియా నీళ్ళలో గది వేడిలోనే ఏళ్ళ తరబడి బతుకుతుంది. దాన్ని ప్లేటు మీద మళ్ళీ మళ్ళీ గీస్తూ పోతే మాత్రం తెగులు తెప్పించే శక్తి పోగొట్టుకుంటుంది. కాబట్టి గైడ్‌తో మాట్లాడేటప్పుడు మీ మొదటి ప్రశ్న "ఫ్రీజర్‌కి బ్యాకప్ ఉందా, ఇంకో ల్యాబ్‌లో నకలు దాచుకోవచ్చా" అన్నదే కావాలి. టాపిక్ పేరు తరవాత చూసుకోవచ్చు.

టమాటా మాట వచ్చింది కాబట్టి, మీ సీనియర్లు చెప్పని ఒక సంతోషం గురించి కూడా రాయాలి. బ్యాక్టీరియా తెగులుని ఒక్కోసారి పొలంలోనే, గ్లాసు నీళ్ళతో తేల్చేయవచ్చు. చిత్తూరు పడమటి మండలాల్లో ఒక తోటకి వెళ్ళాను. మొక్కలు పచ్చగా ఉండగానే వాలిపోతున్నాయి, కింది ఆకులు పసుపెక్కలేదు. రైతు అప్పటికే శిలీంధ్రం అనుకుని మొదళ్ళలో కార్బెండజిమ్ రెండుసార్లు పోశాడు. ఆయన భార్యని ఒక గాజు గ్లాసులో మంచినీళ్ళు ఇమ్మన్నాను. వాలిన మొక్క కాండం మొదట్లో ఏటవాలుగా కోసి, ముక్కని నీళ్ళ అంచుకి తగిలేలా వేలాడదీసి పట్టుకున్నాను. నిమిషం, రెండు నిమిషాలు. ఆ తరవాత కోసిన చోటు నుంచి సన్నటి తెల్లటి దారం, పాల చుక్క నీళ్ళలో దిగినట్టు, కిందికి జారడం మొదలైంది. పక్కనే ఉన్న పిల్లాడు "అమ్మా, పొగ!" అన్నాడు. మందు పోయడం ఆపేయమనీ, వాలిన మొక్కల్ని వేళ్ళతో సహా తీసి కాల్చేయమనీ, ఆ మడిలో టమాటా, వంగ, మిరప కొన్నేళ్ళు వద్దు, రాగి గానీ మొక్కజొన్న గానీ వేసుకోమనీ చెప్పాను. ఇప్పుడైతే వంగ వేరుమూలం మీద అంటుకట్టిన టమాటా నారు గురించి కూడా చెబుతాను. తట్టుకునే ఈజీ 203 లాంటి వంగ రకాల మీద కట్టిన నారుని చాలా దేశాల్లో వాడుతున్నారు. నారు ధర ఎక్కువే, కానీ ఏటా సగం తోట పోగొట్టుకునేవాడికి లెక్క కుదురుతుంది.

నిమ్మలో గజ్జి తెగులు మీద పని కావాలంటే గూడూరు, వెంకటగిరి వైపు చూడండి. తిరుపతి నుంచి వచ్చిన బాలాజీ నిమ్మ గజ్జిని కొంత తట్టుకుంటుంది. అక్కడా జవాబు రకంలోనే దొరికింది చూశారా. దానిమ్మ మచ్చ తెగులు అనంతపురం రైతుని ఎంత ఏడిపించిందో మీకు తెలిసే ఉంటుంది. షోలాపూర్‌లోని జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రంలో దాని మీద గట్టి పని జరుగుతోంది. నువ్వులో, వంగలో వెర్రి తెగులు తెచ్చే ఫైటోప్లాస్మాలు కూడా బ్యాక్టీరియా కుటుంబమేనని మరిచిపోకండి. 1967లో జపాన్‌వాళ్ళు మైక్రోస్కోపులో చూసేదాకా అందరూ వాటిని వైరస్‌లనే అనుకున్నారు. ఇప్పటికీ వాటిని ప్లేటు మీద పెంచడం తలకు మించిన పని, కాబట్టి పీహెచ్‌డీకి వాటిని తీసుకుంటే డీఎన్‌ఏని పెంచి చూసే పీసీఆర్ పరీక్ష మీదే బతకాలి. నేనైతే వద్దంటాను. మొదటి పని చేతికి అందే బ్యాక్టీరియాతో చేయండి.

ఉద్యోగాల సంగతి. సీనియర్ల భయంలో కొంత నిజముంది, చాలా వరకు లేదు. నెట్ పరీక్ష అయినా, వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక బోర్డు (ఏఎస్ఆర్‌బీ) వాళ్ళ ఏఆర్‌ఎస్ పరీక్ష అయినా, విశ్వవిద్యాలయాల నోటిఫికేషన్లయినా అన్నిటిలో ఉండేది "ప్లాంట్ పాథాలజీ" అనే. బ్యాక్టీరియా మీద చేశారని ఎవరూ తలుపు మూయరు. ఉద్యోగం వచ్చాక మిమ్మల్ని ఎక్కడ వేస్తారో మాత్రం దేవుడికే తెలియాలి. బ్యాక్టీరియా మీద డాక్టరేట్ చేసిన నన్ను మొదటి నాలుగేళ్ళు వేరుశనగలో వేశారు. తిక్క ఆకుమచ్చ, మొదలు కుళ్ళు, అన్నీ శిలీంధ్రాలే. అప్పుడు తిట్టుకున్నాను గానీ, పొలం చదవడం నేర్చుకున్నది అక్కడే. అందుకని శిలీంధ్రాల పేపర్లని ఎమ్మెస్సీతోనే మూసిపెట్టవద్దు.

మందుల కంపెనీల్లో అవకాశాలు తక్కువే, ఒప్పుకుంటాను. కూరగాయల విత్తన కంపెనీల్లో మాత్రం పరిస్థితి వేరు. టమాటా విత్తనంతో, క్యాబేజీ విత్తనంతో బ్యాక్టీరియా ప్రయాణం చేస్తుంది. ఎగుమతికి ముందు విత్తనం శుభ్రంగా ఉందని పరీక్ష చేసి చూపించాలి. ఆ పని తెలిసినవాళ్ళు హైదరాబాద్ చుట్టుపక్కల కంపెనీలకి కావాలి. బయటి దేశాల నుంచి వచ్చే విత్తనాన్ని పరీక్షించే క్వారంటైన్ పని కూడా ఉంది. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ (ఎన్‌బీపీజీఆర్) ప్రాంతీయ కేంద్రం చేసేది అదే. వీలైతే ఒకసారి వెళ్ళి చూసి రండి.

పేపర్లు రావన్నవాళ్ళకి ఒక్క మాట చెప్పండి. వేరు దగ్గర బొడిపెలు తెప్పించే ఆగ్రోబ్యాక్టీరియం మీద చేసిన పనే మొక్కల్లోకి జన్యువులు పంపే పద్ధతికి పునాది. జాంథోమోనాస్ మొక్క కణంలోకి పంపే ప్రోటీన్లు ఏ డీఎన్‌ఏ అక్షరాల మీద వాలతాయో 2009లో విప్పారు. దాంతోనే టాలెన్ అనే జన్యు సవరణ కత్తెర తయారైంది. ఇవన్నీ ఆ "రెంటికీ చెడ్డ" రంగం నుంచి వచ్చినవే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీలో ఫిషర్ అనే పెద్దమనిషి అసలు బ్యాక్టీరియా మొక్కలకి తెగుళ్ళు తేలేదని వాదిస్తే, అమెరికాలో ఎర్విన్ స్మిత్ ఏళ్ళ తరబడి ఆధారాలతో జవాబిచ్చాడు. చిన్నచూపు ఈ రంగానికి కొత్త కాదు లెండి.

మీరు ఏ పంట అనుకుంటున్నారో ప్రశ్నలో రాయలేదు. గైడ్‌తో మాట్లాడాక ఇక్కడే చెప్పండి, దాన్నిబట్టి ఇంకా వివరంగా రాస్తాను. వరి అయితే మాత్రం ఇప్పుడే ఒక పని చేయండి: తైచుంగ్ నేటివ్-1 విత్తనం కిలో అయినా ఎవరినైనా అడిగి తెచ్చి పెట్టుకోండి. నార్లు పోసే వేళకి అడిగితే ఎవరి దగ్గరా మిగలదు.